పొట్ట కొవ్వు తీసి మోకాలికి పెడితే గుజ్జు పెరుగుతుందా?

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుంటే సరిదిద్దండి. అమ్మగారికి 62 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పే, కుడిది ఎక్కువ. ఎక్స్‌రే చూసిన డాక్టరు మూడో దశ అరుగుదల అన్నారు, అంటే నాలుగు దశల్లో మూడోది. కీలు మార్పిడి మాట ఎత్తితే ఆవిడకు భయం. ఇంతలో ఒక క్లినిక్‌వాళ్ళు ‘మీ పొట్టలోని కొవ్వే తీసి, శుద్ధి చేసి, మోకాలికి ఎక్కిస్తాం. అందులోని మూలకణాలు గుజ్జును మళ్ళీ పెంచుతాయి, ఆపరేషన్ అవసరమే రాదు’ అన్నారు. ఇది నిజమేనా, చేయించవచ్చా, పనిచేయకపోతే రేపు ఆపరేషన్‌కు అడ్డమవుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను 22 ఏళ్ళుగా ఎముకల డాక్టరుగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం మోకాళ్ళతోనే గడిచింది. ఈ కొవ్వు ఇంజెక్షన్ స్వయంగా కొన్ని పదుల మందికి చేశాను కాబట్టి దూరం నుంచి రాళ్ళు వేసే మనిషిని కాను. అలాగని అమ్ముకునేవాడినీ కాను. నా అనుభవం, నేను చదివిన పరిశోధనలు కలిపి ఒక్క ముక్కలో చెప్పమంటే, గుజ్జు పెరగదు, నొప్పి కొందరికి కొంతకాలం తగ్గుతుంది. మిగతాదంతా ఆ ‘కొందరు’ ఎవరు, ఆ ‘కొంతకాలం’ ఎంత, దానికి కారణం కొవ్వేనా అన్న లెక్క.

ముందు ఈ ‘గుజ్జు’ అనే మాటతో నాకున్న తగువు చెప్పాలి. మృదులాస్థిని మనం వాడుకలో గుజ్జు అంటాం. చింతపండు గుజ్జులా మెత్తగా ఏదో రెండు ఎముకల మధ్య కూరి ఉందనీ, అది అయిపోయిందనీ, బయటి నుంచి మళ్ళీ నింపవచ్చనీ ఆ మాటే మనకు నేర్పేసింది. క్లినిక్ ప్రకటన సగం పని చేస్తే, మిగతా సగం ఈ మాట చేస్తోంది. నిజానికి మోకాలు తెరిచి చూస్తే ఆరోగ్యమైన మృదులాస్థి గుజ్జులా ఉండదు. తడిసిన తెల్లటి పింగాణీలా నున్నగా, గట్టిగా, ఎముక చివరికి అంటుకుపోయి ఉంటుంది. మందం కొన్ని మిల్లీమీటర్లే. అందులో మూడింట రెండు వంతులకు పైగా నీరు. ఆ నీటిని పట్టి ఉంచే చక్కెర-ప్రొటీన్ల అణువులను కొల్లాజెన్ పీచుల వల బిగించి ఉంచుతుంది. ఈ వల పై పొరలో అడ్డంగా, లోపల వంపు తిరిగి, అడుగున ఎముకలోకి నిలువుగా దిగి ఉంటుంది. జీవకణాలు మొత్తం పరిమాణంలో నూటికి ఒకటి నుంచి ఐదు వంతులు మాత్రమే. రక్తనాళాలు లేవు, నరాలు లేవు. గాయమైనా రక్తం చేరదు, కాబట్టి చర్మం మానినట్టు అది మానదు. విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే ఈ సంగతి రాసిపెట్టాడు: మృదులాస్థి ఒకసారి పోతే మళ్ళీ బాగుపడదని. ఇన్నేళ్ళలో వైద్యం ఎంతో మారింది కానీ, మూడో దశకు చేరిన 62 ఏళ్ళ మోకాలి విషయంలో ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టివేయలేకపోయారు.

‘అరుగుదల’ అన్న మాటా ఇలాంటిదే. చెప్పు అరిగినట్టు అరిగిందంటే, ఇక నడవడమే తప్పేమోనని చాలామంది మంచం పడతారు. ఈ జబ్బు మృదులాస్థి ఒక్కదానిది కాదు. కీలు లోపలి పొర వాస్తుంది, ఎముక అంచుల్లో ముళ్ళలాంటివి మొలుస్తాయి, ఎముక లోపల నీరు చేరినట్టు మచ్చలు పడతాయి, తొడ ముందు కండ సన్నబడుతుంది. మృదులాస్థికి నరాలే లేవన్నాను కదా, మరి నొప్పి ఎక్కడిది? వాచిన పొరది, ఒత్తిడికి గురయ్యే ఎముకది, కీలు చుట్టూ ఉన్న కొవ్వు మెత్తలది, లాగబడే కండర బంధాలది. అందుకే ఎక్స్‌రేలో ఘోరంగా కనిపించే మోకాలితో హాయిగా తిరిగేవాళ్ళున్నారు, ఎక్స్‌రే బాగానే ఉన్నా మెట్టు దిగలేనివాళ్ళూ ఉన్నారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కొవ్వు ఇంజెక్షన్ ఏమి చేయగలదో ఇక్కడే అర్థమవుతుంది.

ఇక కొవ్వు దగ్గరకు. కొవ్వు అంటే నూనె నింపుకున్న కణాలు మాత్రమే కాదు. వాటి మధ్య సన్నటి రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. ఆ నాళాల గోడలను అంటిపెట్టుకుని కొన్ని కణాలుంటాయి. 2001లో కాలిఫోర్నియాలో ప్యాట్రీషియా జుక్ బృందం, లైపోసక్షన్ (ఒంట్లోని కొవ్వును గొట్టంతో లాగేయడం) చేసి పారవేసే కొవ్వులోంచి ఇలాంటి కణాలను వేరుచేసి, ప్రయోగశాల గిన్నెలో తగిన పోషకాలిస్తే అవి ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలవని చూపింది. అప్పటిదాకా ఇలాంటి కణాల కోసం తుంటి ఎముకలోంచి మూలుగ తోడేవాళ్ళు. పొట్ట కొవ్వులో అవి అంతకన్నా చాలా ఎక్కువ, తీయడమూ తేలిక. ఆశ అక్కడ పుట్టింది. గిన్నెలో మృదులాస్థిగా మారినది మోకాల్లోనూ మారుతుందన్న ఊహ తప్పేమీ కాదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను.

మోకాల్లో జరిగేది వేరు. ఇంజెక్షన్ ఇచ్చిన కణాల్లో అరిగిన చోటికి వెళ్ళి, అతుక్కుని, నిలిచి, కొత్త పొర కట్టేవి దాదాపు లేవు. చాలా భాగం కొద్ది రోజులకో వారాలకో కనుమరుగవుతాయి. ఉన్నంతసేపు అవి రసాయన సంకేతాలు విడుదల చేస్తాయి, వాటితో కీలు లోపలి వాపు కొంత శాంతిస్తుంది. ఈ కణాలకు 1991లో మీసెన్‌కైమల్ మూలకణాలని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్, 2017లో తానే ఆ పేరు మార్చమని కోరాడు. ఇవి కొత్త కణజాలంగా మారేవి కావు, సంకేతాలిచ్చే కణాలు మాత్రమే, మూలకణాలన్న మాట జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది అన్నది ఆయన వాదన. పేరు పెట్టిన మనిషే వెనక్కి తీసుకుంటానన్న పేరును ప్రకటనల బోర్డులు ఇంకా వదలడం లేదు.

మీరు క్లినిక్‌లో మొదట అడగవలసిన ప్రశ్న ‘పనిచేస్తుందా’ అని కాదు, ‘మీరు చేసేది ఏ రకం’ అని. ఒకే పేరు కింద మూడు వేరు వేరు పనులు జరుగుతున్నాయి. మొదటిది, తీసిన కొవ్వును మందులేవీ కలపకుండా సెలైన్‌తో కడిగి, సన్నటి ముక్కలుగా చేసి, అదే పూట మోకాలికి ఎక్కించడం. ఇటలీలో కార్లో ట్రెమొలాడా రూపొందించిన లిపోజెమ్స్ పరికరం ఈ రకానిది. రెండోది, కొల్లాజినేజ్ అనే ఎంజైముతో కొవ్వును కరిగించి, యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరిన కణాల ముద్దను తీసుకోవడం. ఆ ముద్దలో మనం మూలకణాలనుకునేవి నూటికి కొన్నే. మిగతావి రక్తకణాలు, రక్తనాళాల గోడల కణాలు, ఇంకా ఏవేవో. ‘మీకు ఇన్ని కోట్ల మూలకణాలు ఎక్కించాం’ అని కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళు తరచుగా ఈ మొత్తం ముద్దను లెక్కపెట్టి ఆ అంకె చెబుతారు. మూడోది, ఆ కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచి, కోట్లుగా చేసి, తర్వాత ఎక్కించడం. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. ఇదే రోజు తీసి ఇదే రోజు పెడతామంటూ కోట్ల లెక్క చెప్పేవాళ్ళు చేస్తున్నది మూడో రకం కాదని మీకు వెంటనే తెలిసిపోవాలి.

ఒకరి పరిశోధన ఫలితం ఇంకొకరి ప్రకటనలోకి దూరేది కూడా ఈ సందులోంచే. దక్షిణ కొరియాలో 261 మంది మీద మంచి ప్రయోగం జరిగింది, 2023లో అచ్చయింది. మూడో దశ మోకాళ్ళు, అంటే మీ అమ్మగారి లాంటివే. సగం మందికి వాళ్ళ కొవ్వులోంచి తీసి పెంచిన పది కోట్ల కణాలు, మిగతావాళ్ళకు ఉత్త సెలైన్. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ, పరీక్షించేవాళ్ళకూ తెలియదు. ఆరు నెలలకు కణాలు తీసుకున్నవాళ్ళలో నొప్పి, నడక సెలైన్‌వాళ్ళకన్నా మెరుగ్గా ఉన్నాయి. ఎం.ఆర్.ఐ.లో మృదులాస్థి మాత్రం రెండు గుంపుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేకుండానే ఉంది. ఇది మూడో రకం ఫలితం. దీన్ని చూపించి మొదటి రకం చేసేవాళ్ళను నేను కళ్ళారా చూశాను.

రెండో రకంతో 2020లో ఒక చిన్న ప్రయోగం అచ్చయింది. 39 మంది, మూడు గుంపులు: మూడు కోట్ల కణాలు, కోటిన్నర కణాలు, కణాలేమీ లేని ద్రవం. ఆరు నెలలకు కణాలు తీసుకున్న రెండు గుంపులూ మెరుగు. మృదులాస్థి మందం మారలేదు. అప్పుడు మేమంతా కొంచెం ఉత్సాహపడ్డాం. తర్వాత 2023 చివర్లో అమెరికా నుంచి పెద్ద ప్రయోగం వచ్చింది, 475 మందితో. ఎముక మూలుగ, ఈ కొవ్వు కణాల ముద్ద, బొడ్డుతాడు కణాలు ఒక వైపు, మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మరో వైపు. ఏడాది తర్వాత చూస్తే అందరికీ ఎంతో కొంత నొప్పి తగ్గింది. కానీ ఆ మూడింటిలో ఏ ఒక్కటీ స్టెరాయిడ్‌ను మించలేదు. ఎం.ఆర్.ఐ.లోనూ తేడా లేదు. నా ఆలోచనను ఎక్కువగా మార్చింది ఈ ఫలితమే. స్టెరాయిడ్ ప్రభావం కొన్ని వారాలే ఉంటుందని మేమందరం రోగులకు చెబుతాం. ఏడాది తర్వాత దానితో సమానంగా నిలవడమంటే గెలుపు ఏమిటో, ఓటమి ఏమిటో మీరే చెప్పండి.

మొదటి రకం, అంటే కడిగి ముక్కలు చేసిన కొవ్వు, మీ క్లినిక్ చేయబోయేది బహుశా ఇదే. ఇటలీలోనే 118 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి ఈ కొవ్వు, ఒకరికి వాళ్ళ రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ప్లాస్మా ఇచ్చి రెండేళ్ళు గమనించారు. రెండూ బాగానే పనిచేశాయి, ఒకటి ఇంకొకదాన్ని మించలేదు. ప్లాస్మాకు చేతిలోంచి రక్తం తీస్తే చాలు, పొట్టలో గొట్టం దూర్చే పని లేదు. ఆ ఒక్క కారణంతోనే నా దగ్గర కొవ్వు అడిగేవాళ్ళతో ముందు ప్లాస్మా గురించి మాట్లాడతాను. అయితే ప్లాస్మా కూడా అందరి ఆమోదం పొందిన మందేమీ కాదు. అమెరికా కీళ్ళవాత వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకు మూలకణ ఇంజెక్షన్లు, ప్లేట్‌లెట్ల ప్లాస్మా రెండూ వద్దని గట్టిగానే చెప్పింది.

‘మరి ఫలానా ఆవిడ చేయించుకుంది, ఇప్పుడు మెట్లెక్కుతోంది’ అంటారా? నిజమే అయి ఉంటుంది, నా రోగుల్లోనూ ఉన్నారు. అక్కడ రెండు సంగతులు చూడాలి. మనం డాక్టరు దగ్గరకు వెళ్ళేది నొప్పి పట్టరాని రోజునే. ఈ జబ్బు నొప్పి కెరటంలా లేస్తుంది, పడుతుంది. ఎత్తులో ఉన్నప్పుడు ఏమి చేసినా తర్వాత కొంత దిగుతుంది. రెండోది, మోకాల్లోకి సూది వెళ్ళిందంటేనే, అందులో ఉత్త సెలైన్ ఉన్నా, చాలామందికి నెలల తరబడి నొప్పి తగ్గుతుంది. సూది ఎంత పెద్దదైతే, తతంగం ఎంత పెద్దదైతే, డాక్టరు ఎంత నమ్మకంగా మాట్లాడితే ఆ ప్రభావం అంత పెరుగుతుంది. పొట్టలోంచి కొవ్వు తీయడం, యంత్రాలు, తెర మీద అల్ట్రాసౌండ్ బొమ్మ, ఇంతకన్నా పెద్ద తతంగం ఏముంది? అలా తగ్గిన నొప్పి అబద్ధం అనడం లేదు. అది కొవ్వు గొప్పదనమో కాదో తేల్చాలంటే పక్కన సెలైన్ గుంపు ఉండాలి అంటున్నాను.

ముందూ తర్వాతా ఎక్స్‌రేలు చూపించి ఎముకల మధ్య సందు పెరిగిందనేవాళ్ళ దగ్గర జాగ్రత్త. ఒకసారి ఒకాయన అలాంటి రెండు ఫిల్ములు నా ముందు పెట్టి, ‘చూడండి సార్, గుజ్జు వచ్చేసింది’ అన్నారు. మొదటిదాంట్లో ఎముకలు దాదాపు ఆనుకుని ఉన్నాయి, రెండోదాంట్లో సన్నటి గీత కనబడుతోంది. లైట్ బాక్సు మీద పక్కపక్కనే పెట్టి చూశాను. మొదటి దాని మూల ‘నిలబడి’ అని గుర్తు ఉంది, రెండోదానికి లేదు. ఆయన్నే అడిగాను, రెండోసారి ఎలా తీశారని. ‘బల్ల మీద పడుకోబెట్టి తీశారు’ అన్నారు. నిలబడితే ఒంటి బరువు పడి సందు మూసుకుంటుంది, పడుకుంటే తెరుచుకుంటుంది. మోకాలు కాస్త వంచినా, చాచినా ఆ గీత మారిపోతుంది. మళ్ళీ నిలబెట్టి తీయిస్తే మొదటి ఫిల్ముకు నకలులా వచ్చింది. ఆయన ముఖం చూస్తే చెప్పకపోయినా బాగుండేదేమో అనిపించింది. నొప్పి అయితే ఆయనకు నిజంగానే తగ్గింది, అంతవరకు సంతోషమే.

చేసే పద్ధతి కూడా చెబుతాను, ‘చిన్న ఇంజెక్షన్’ అని నమ్మి వెళ్ళి కంగారుపడకుండా. వెల్లకిలా పడుకోబెడతారు. బొడ్డుకు కాస్త పక్కగా, కొన్నిసార్లు నడుము పక్కల, మత్తు ఇచ్చి రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెడతారు. సెలైన్‌లో మత్తుమందు, రక్తనాళాలు ముడుచుకోవడానికి అడ్రినలిన్ కలిపి ఆ కొవ్వులోకి ఎక్కిస్తారు. పావుగంట ఆగాలి. ఈ ఆగడం ముఖ్యం. చర్మం తెల్లబడి, పట్టుకుంటే బిగుసుకున్నట్టు అనిపించాకే మొదలుపెట్టాలి, తొందరపడితే రక్తం ఎక్కువ వస్తుంది. తర్వాత మొద్దు కొన ఉన్న సన్నటి గొట్టాన్ని సిరంజికి తగిలించి, చేత్తోనే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ కొవ్వు లాగుతారు. నొప్పి ఉండదు గానీ, లోపల ఎవరో గీరుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. ఒకరిద్దరు రోగులు నవ్వారు, ఒకావిడ ఆపమని అడిగారు. సిరంజిని కాసేపు నిలబెడితే మూడు పొరలుగా విడిపోతుంది. పైన పసుపు నూనె, మధ్యలో కొవ్వు, అడుగున ఎర్రటి నీరు. మధ్య పొరనే పరికరంలోకి పంపుతారు. లిపోజెమ్స్ అయితే గాజులా పారదర్శకంగా ఉన్న గొట్టంలో ఉక్కు గోళీలు ఉంటాయి. ఊపుతూ సెలైన్ పారిస్తుంటే నూనె, రక్తం కొట్టుకుపోతాయి. బయటికి వచ్చే నీరు తేటపడేదాకా కడగాలి. చివరికి మిగిలేది లేత పసుపురంగులో చిక్కటి పదార్థం. మోకాల్లో ముందే నీరు చేరి ఉంటే అది తీసేసి, అల్ట్రాసౌండ్‌తో సూది కొన కనిపించేలా చూసుకుంటూ చిప్ప పక్క నుంచి కొన్ని మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. మొత్తం గంట, గంటన్నర పని.

ఇంటికి వచ్చాక మోకాలికన్నా పొట్టే ఎక్కువ సతాయిస్తుంది. రెండు వారాలు కమిలిన మచ్చ ఉంటుంది, నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారి పోతుంది. పొట్టకు పట్టీ కట్టుకోవాలి. మోకాలు మూడు నాలుగు రోజులు వాచి బిగుసుకుంటుంది. తీవ్రమైన ప్రమాదాలు అరుదు. అరుదంటే లేవని కాదు. జ్వరం, మోకాలు ఎర్రబడి కాలిపోతున్నట్టుండటం, అడుగు మోపలేనంత నొప్పి ఉంటే ఆ రాత్రే చూపించాలి, కీల్లో చీము పట్టడం వారం ఆగే జబ్బు కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు వాటి సంగతి ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

‘మన సొంత కణాలే కదా, నష్టమేమిటి’ అన్న మాట మీకు చెప్పే ఉంటారు. అమెరికాలోని ఫ్లారిడాలో జరిగి, 2017లో బయటపడిన సంగతి చాలు. ఒక క్లినిక్‌లో ముగ్గురు మహిళలకు వాళ్ళ పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలనే కళ్ళలోకి ఇంజెక్షన్ ఇచ్చారు. చూపు తగ్గే జబ్బు బాగవుతుందన్నారు. ముగ్గురికీ చూపు దాదాపు పోయిందని వైద్య పత్రికలో వచ్చింది. కన్ను వేరు, మోకాలు వేరు, ఆ ప్రమాదం మీ అమ్మగారికి లేదు. సొంతదైతే చాలు సురక్షితం అన్న వాదన మాత్రం అక్కడే తేలిపోయింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎంజైముతో కరిగించిన కొవ్వు కణాలను ఔషధంగానే లెక్కిస్తుంది, అనుమతి లేకుండా ఇవ్వకూడదంటుంది. దీని మీద క్లినిక్‌లతో కోర్టుల్లో కేసులు నడిచాయి. 2024లో అప్పీలు కోర్టు సంస్థ వైపే చెప్పింది. కాబట్టి రెండో రకం, మూడో రకం ఎవరైనా చేస్తామంటే ఏ అనుమతితో, ఏ ప్రయోగంలో భాగంగా అని అడగండి. నిజమైన ప్రయోగంలో కణాల కోసం రోగి దగ్గర డబ్బు తీసుకోవడం మామూలు పద్ధతి కాదు. డబ్బు కట్టించుకుంటూ ‘పరిశోధన’ అంటే లేచి వచ్చేయండి.

ఎవరికి నేను ఈ ఇంజెక్షన్ ఇచ్చాను, ఎవరికి ఇవ్వనన్నాను? రెండో దశ, మూడో దశ, కాలు తిన్నగా ఉన్నవాళ్ళు, వ్యాయామం నిజంగా మూడు నెలలు చేసి చూసినవాళ్ళు, గుజ్జు పెరగదని చెప్పినా ‘సరే, నొప్పి కోసమే’ అన్నవాళ్ళు. వీళ్ళలో సగానికి పైగా ఏడాది వరకు బాగున్నామన్నారు. ఇది నా చిన్న లెక్క, పక్కన సెలైన్ గుంపు లేదు, కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోకండి. కాళ్ళు విల్లులా వంగినవాళ్ళకు, ఎముక ఎముకను తాకే నాలుగో దశవాళ్ళకు ఇచ్చి నేను ఒక్కసారైనా సంతోషపడలేదు. వంకర కాలిలో బరువంతా లోపలి వైపే పడుతుంది. ఆ లెక్క మార్చకుండా లోపల ఏమి పోసినా ఒకటే. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయేవాళ్ళది వేరే సమస్య. రుమటాయిడ్ లాంటి కీళ్ళవాతం ఉన్నవాళ్ళది అసలు వేరే జబ్బు.

ఈ కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది ఒకటుంది. మోకాలి అరుగుదలను పెంచేవాటిలో కొవ్వే ముందు వరసలో ఉంది. బరువు వల్ల మాత్రమే కాదు, కొవ్వు విడుదల చేసే వాపు పదార్థాల వల్ల కూడా. లావుగా ఉన్నవాళ్ళకు చేతివేళ్ళ కీళ్ళ అరుగుదల కూడా ఎక్కువ. వేళ్ళ మీద ఎవరూ నడవరు కదా. అంటే అదే పొట్ట కొవ్వు ఒంట్లో ఉన్నప్పుడు దొంగ, సిరంజిలోకి ఎక్కితే పోలీసు. కడిగిన కొవ్వు ముక్కలు వేరే రకంగా ప్రవర్తిస్తాయనడానికి ప్రయోగశాలలో ఆధారాలున్నాయి, కొట్టిపారేయను. అయినా 2024లో వచ్చిన ఒక ప్రయోగాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఊబకాయం, మోకాలి నొప్పి రెండూ ఉన్న 407 మందిలో కొందరికి సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గించే మందు, కొందరికి ఉత్త సూది, 68 వారాలు. మందు తీసుకున్నవాళ్ళ బరువు నూటికి 14 వంతుల దాకా తగ్గింది. వంద మార్కుల నొప్పి కొలతలో వాళ్ళకు 42 దాకా తగ్గితే, ఉత్త సూదివాళ్ళకు 27కు పైగా తగ్గింది. రెండు అంకెలనూ గమనించండి. మొదటిది ఒంట్లో కొవ్వు తగ్గితే మోకాలికి ఎంత మేలో చెబుతుంది. రెండోది, మందు లేని సూది కూడా ఎంత నొప్పి తగ్గించగలదో చెబుతుంది. ఆ మందు అమ్మగారికి అవసరమా కాదా అన్నది ఆవిడ బరువు, మిగతా జబ్బులు చూసి వాళ్ళ డాక్టరు చెప్పాలి.

మీరు ఆవిడ బరువు రాయలేదు, వ్యాయామం గురించీ రాయలేదు. అవి రెండూ తెలియకుండా కొవ్వు ఇంజెక్షన్ చేయించమని నేను చెప్పను. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. వ్యాయామం అంటే వాకింగ్ ఒక్కటే అనుకోకండి. తొడ ముందు కండ కోసం: వెల్లకిలా పడుకుని కాలు చాచి, జానెడు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టి దించడం. చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం, మొదట పదిసార్లు. మోకాలు కొంచెం నొప్పి పెడితే పరవాలేదు, మర్నాటికి తగ్గాలి. మర్నాటికీ తగ్గకపోతే సంఖ్య తగ్గించాలి, మానేయకూడదు. నా దగ్గరకు ‘వ్యాయామం చేశాం, పనిచేయలేదు’ అని వచ్చేవాళ్ళను చేసి చూపించమంటే, పదిమందిలో ఎనిమిదిమందికి రెండో ప్రయత్నానికే పద్ధతి తెలియదని బయటపడుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర కనీసం కొన్నిసార్లు చేయించండి.

స్టెరాయిడ్ మాట వచ్చింది కాబట్టి, అదే పరిష్కారమని అనుకోకండి. 2017లో అచ్చయిన ప్రయోగంలో 140 మందిలో సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి సెలైన్ మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్ళు ఇచ్చి చూస్తే, సెలైన్‌వాళ్ళకన్నా స్టెరాయిడ్‌వాళ్ళ మృదులాస్థి ఎక్కువ పలచబడింది, నొప్పిలో తేడా లేదు. పెళ్ళికో ప్రయాణానికో ముందు ఒకసారి వాడుకునే మందు అది.

మీ మూడో ప్రశ్నకు జవాబు తేలిక. కొవ్వు ఇంజెక్షన్ పనిచేయకపోయినా రేపటి కీలు మార్పిడికి అడ్డం కాదు. ఎముక కోయలేదు, లోపల లోహం పెట్టలేదు. ఒక్క జాగ్రత్త: మోకాల్లోకి ఏ సూది వెళ్ళినా తర్వాత కనీసం మూడు నెలలు ఆగాకే కీలు మారుస్తాం, చీము పట్టే ప్రమాదం పెరగకుండా. కాబట్టి ఆపరేషన్ ఇప్పటికే అనుకుని తేదీ చూసుకుంటుంటే మధ్యలో ఈ ఇంజెక్షన్ పెట్టుకోకండి. ఇక ఆవిడ భయం గురించి ఒక అంకె: దేశస్థాయి రికార్డులు కలిపి చూసిన లెక్క ప్రకారం, పూర్తిగా మార్చిన మోకాళ్ళలో నూటికి 82 పాతికేళ్ళ తర్వాత కూడా మళ్ళీ మార్చే అవసరం లేకుండా నిలిచాయి. 62 ఏళ్ళ మనిషికి పాతికేళ్ళంటే 87. ఆపరేషన్ ఇప్పుడే చేయించమని కాదు. మూడో దశలో, నడవగలుగుతున్నంత కాలం తొందరేమీ లేదు.

ఆవిడ బరువు, ఎత్తు, కాళ్ళు తిన్నగా ఉన్నాయా వంగాయా, వాడుతున్న మందులు, ఆ ఎక్స్‌రే నిలబడి తీసిందేనా అన్నవి రాయండి. క్లినిక్‌వాళ్ళు చెప్పిన రకం పేరు కాగితం మీద రాసి ఇమ్మంటే ఇస్తారో లేదో కూడా చూసి చెప్పండి.